శిక్షణ చివరి మూడు నెలలు: పని వచ్చింది, లోపం వెతకడం మాత్రం రాలేదు

చివరి మెట్టు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్ల ఎలక్ట్రికల్ అప్రెంటిస్ శిక్షణలో నాకు ఇంకా మూడు నెలలే మిగిలాయి. కండ్యూట్ (తీగలు వెళ్లే గొట్టం) వంచి వేయడం, వైర్లు లాగడం, గ్లాండు (కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు) బిగించి కేబుల్ చివర లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్క) నొక్కడం, డిస్ట్రిబ్యూషన్ బోర్డు లోపల తీగలను వరుసగా కట్టడం వంటి పనులను ఎవరి సాయమూ లేకుండా చేయగలను. నా బోర్డు తెరిస్తే చూడముచ్చటగా ఉంటుందని మా మేస్త్రీ కూడా అంటారు.

నా భయం వేరే చోట ఉంది. ఎక్కడైనా సప్లై పోయిందనో, బ్రేకర్ పదే పదే పడిపోతోందనో కబురు వస్తే, సీనియరు నా చేతిలోని మీటరు తీసుకుని పది నిమిషాల్లో లోపం పట్టుకుంటారు. నేను టార్చి పట్టుకుని నిలబడతాను. ఆయన ముందు ఆ జంక్షన్ బాక్సు వైపే ఎందుకు వెళ్లారో నాకు అర్థమయ్యేలోపు పని ముగుస్తుంది, మూత బిగించడం నా వంతు అవుతుంది. మూడు నెలల తరువాత నన్ను ఒంటరిగా పంపుతారు. ఈ మిగిలిన కాలాన్ని దేనిమీద పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? సిద్ధాంత పరీక్ష కూడా దగ్గరపడింది కానీ, నిజం చెప్పాలంటే, దానికంటే ఆ మొదటి ఒంటరి ఫోను పిలుపే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది.

పాత మెగ్గర్

గట్టు మీద నిలబడి ఎవరికీ ఈత రాదు. మీరు నాలుగేళ్లుగా గట్టు మీద టార్చి పట్టుకున్నారు, అంతే.

రేపటి నుంచి మీ సీనియరుతో ఒక చిన్న ఒప్పందం చేసుకోండి. మూత తెరవకముందు మీ ఊహ ఏమిటో ఆయనకు ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ తరువాత ఏ రెండు చోట్ల మధ్య మీటరు పెడతారో, అది ఎంత చూపిస్తుందని అనుకుంటున్నారో కూడా మీటరు పెట్టకముందే చెప్పండి. చూపిన అంకె మీరు చెప్పిన అంకెతో సరిపోతే మీ ఊహ ఒక మెట్టు గట్టిపడుతుంది; సరిపోకపోతే ఆ సర్క్యూట్ గురించి మీకు తెలియనిది ఏదో ఉందని తేలుతుంది. ఏమీ ఊహించకుండా మీటరు పెట్టేవాడికి ఏ అంకె వచ్చినా అది అంకెగానే మిగిలిపోతుంది. మీటరు తీసుకోవద్దని సీనియరును అడగడం కష్టమనిపించవచ్చు, కానీ “రెండు నిమిషాలు నన్ను చెప్పనివ్వండి, తప్పయితే మీరు దిద్దండి” అంటే కాదనే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఊహించడం అలవాటు కావడానికి ఒక సమస్య ఇస్తాను. ఒక బోర్డులో ఒక ఆర్.సి.సి.బి. (వెళ్లిన కరెంటంతా తిరిగి రాకపోతే సప్లై తెంచే పరికరం) కింద ఆరు ఎం.సి.బి.లు (ఒక్కో సర్క్యూట్‌కు ఒక చిన్న బ్రేకర్) ఉన్నాయి. అన్నీ ఆపితే ఆర్.సి.సి.బి. నిలుస్తుంది. ఒక్కొక్కటిగా వేస్తూ వెళ్తే నాలుగోది వేయగానే అది పడిపోతుంది. నాలుగో సర్క్యూట్‌ను విడదీసి మెగ్గర్‌తో (తీగ ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) కొలిస్తే ఇన్సులేషన్ 200 మెగా ఓమ్‌లకు పైగా ఉంది, అంటే అందులో ఏ దోషమూ లేదు. దానికి తగిలించిన హీటరును కూడా విడిగా పరీక్షించారు, అదీ బాగానే ఉంది. మరి లోపం ఎక్కడ ఉంది?

రెండో ఏడాది

నేను కూడా అప్రెంటిస్‌నే, ఇంకా సగం దారిలో ఉన్నాను. నాలుగోది వేస్తేనే పడిపోతోంది కాబట్టి లోపం నాలుగో దానిలోనే ఉండాలి కదా? లేకపోతే ఆర్.సి.సి.బి. పాడై ఉండాలి. నేనైతే దాన్ని మార్చి చూస్తాను.

చివరి మెట్టు

ఎం.సి.బి. ఒంటి ధ్రువానిది అయితే అది ఫేజును మాత్రమే తెంచుతుంది. ఆరింటి న్యూట్రల్ తీగలూ న్యూట్రల్ బార్‌కు ఎప్పుడూ కలిసే ఉంటాయి. కాబట్టి మరో సర్క్యూట్‌లో న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోందని నా అనుమానం. కానీ అలాగైతే నాలుగోది వేసేదాకా ఎందుకు ఆగింది?

పాత మెగ్గర్

సరిగ్గా పట్టుకున్నారు. లోపం రెండో సర్క్యూట్‌లో ఉంది. ఒక బాక్సు మూత స్క్రూ న్యూట్రల్ తీగ తొడుగును కోసి, తీగను లోహపు బాక్సుకు తాకించింది. మొదటి మూడు సర్క్యూట్లలో చిన్న లైట్లే ఉండటం వల్ల న్యూట్రల్‌లో పారే కరెంటు తక్కువ, అందువల్ల న్యూట్రల్ బార్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి దాదాపు సున్నా. నాలుగో సర్క్యూట్‌లో హీటరు వేయగానే సరఫరా వైపు న్యూట్రల్ తీగలో కొంత వోల్టేజి పతనం ఏర్పడి, బార్ ఎర్త్‌కంటే ఒక వోల్టు పైకి లేచిందనుకోండి. ఆ తాకిడి దారి నిరోధం 10 ఓమ్‌లు ఉన్నా 100 మిల్లీ ఆంపియర్లు ఆర్.సి.సి.బి.లోకి తిరిగి రాకుండా ఎర్త్ గుండా పోతాయి. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం అంతదాకా ఆగదు. ప్రమాణం ప్రకారం అది 15కు పైన, 30 లోపల ఎక్కడైనా పడిపోవచ్చు.

రెండో ఏడాది మిత్రులకు ఒక మాట. ఆర్.సి.సి.బి.ని మార్చి చూడటం చాలామంది చేసే పనే. కొత్తది కూడా పడిపోతుంది, అప్పుడు ఆ కొత్తది కూడా పాడైందని అనుమానిస్తారు. ఒకే పెట్టెలోంచి తీసిన మూడు పరికరాలను వరుసగా నిందించిన మనిషిని నేను చూశాను. ఇటువంటి చోట మెయిన్ ఆపి, సప్లై లేదని రుజువు చేసుకుని, న్యూట్రల్ తీగలను బార్ నుంచి ఒక్కొక్కటిగా విప్పి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మెగ్గర్ పెట్టాలి. ఏ తీగ ఏ ఎం.సి.బి.కి చెందినదో విప్పకముందే గుర్తులు కట్టుకోండి, లేకపోతే ఒక లోపం సరిచేసి రెండు కొత్త లోపాలు పెట్టి వస్తారు.

తీగ వెంట

పైన “సప్లై లేదని రుజువు చేసుకుని” అన్న మాటను పాత మెగ్గర్ గారు అలవాటుగా రాసేసి ముందుకు వెళ్లారు. నేను పదకొండేళ్లుగా నిర్వహణ పనిలో ఉన్నాను. నా దగ్గరకు వచ్చే చివరి ఏడాది అప్రెంటిస్‌లలో చాలామంది తడబడేది ఆ మాట దగ్గరే. అందువల్ల అక్కడ కొంచెం ఆగుతాను.

జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ వెలగకపోతే సప్లై లేదని అనుకోవడం మన వృత్తిలో పాతుకుపోయిన ప్రమాదకరమైన అలవాటు. ఆ చిన్న దీపం వెలగడానికి మన శరీరం గుండా భూమికి దారి కావాలి. పొడి చెక్క నిచ్చెన మీద, రబ్బరు అరికాళ్ల బూట్లతో నిలబడినప్పుడు అది మసకగా వెలగవచ్చు, ఎండలో ఆ వెలుగు కంటికి ఆనకపోవచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది: న్యూట్రల్ తెగిపోయిన సర్క్యూట్‌లో, స్విచ్చు వేసి ఉన్న బల్బు గుండా ఫేజు తిరిగి వచ్చి న్యూట్రల్ తీగలో కూడా టెస్టర్‌ను వెలిగిస్తుంది. కొత్తవాళ్లు “రెండు తీగల్లోనూ ఫేజు వస్తోంది, వైరింగ్ షార్టు అయింది” అని గోడలు పగలగొట్టేది ఇక్కడే.

మల్టీమీటరుతో ఇంకొక చిక్కు ఉంది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది. ఆపివేసిన తీగ పక్కనే సప్లై ఉన్న తీగ అదే కండ్యూట్‌లో పొడవునా వెళ్తుంటే, రెండింటి మధ్య ఉండే కెపాసిటెన్సు వల్ల ఆపిన తీగ మీద 60, 80 వోల్టులు కనిపిస్తాయి. వాటి వెనుక బలం ఏమీ ఉండదు; తక్కువ నిరోధం ఉన్న రెండు కడ్డీల టెస్టర్ పెడితే ఆ వోల్టేజి క్షణంలో కుప్పకూలిపోతుంది. అలాగని 80 వోల్టులు కనిపించినప్పుడల్లా అది దొంగ వోల్టేజి అని తోసిపుచ్చకూడదు. దాన్ని తేల్చేది తక్కువ నిరోధపు టెస్టర్ మాత్రమే, మన నమ్మకం కాదు.

కాబట్టి క్రమం ఇది. ముందు టెస్టర్‌ను సప్లై ఉందని తెలిసిన చోట పెట్టి అది పనిచేస్తోందని చూస్తాము. ఆ తరువాత ఆపిన చోట ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తాము. చివరగా మళ్లీ సప్లై ఉన్న చోటికి వచ్చి టెస్టర్ ఈలోపు చచ్చిపోలేదని నిర్ధారించుకుంటాము. బ్రేకర్‌కు తాళం వేసి, తాళం చెవి మన జేబులోనే ఉంచుకోవాలి. ఇదంతా చేయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు.

లైన్ మీద పని

ఇవన్నీ చదవడానికి బాగానే ఉన్నాయి. నేను ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి చిన్న పనికీ సప్లై ఆపుతానంటే యజమాని ఒప్పుకోడు, ఒక్క స్క్రూ బిగించడానికి మొత్తం అంతస్తును చీకటి చేయమంటే నవ్వుతారు. మేమంతా లైన్ మీదే, అంటే సప్లై ఉండగానే, పని నేర్చుకున్నాము. కరెంటును గౌరవించాలి, మరీ ఇంతగా భయపడకూడదు. ఈ కుర్రాడిని మీరు పని మొదలుపెట్టకముందే భయపెడుతున్నారు.

తీగ వెంట

మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ “మేమంతా” అన్న మాటతో ఒప్పుకోలేను. ఇక్కడికి వచ్చి రాయగలిగేది బతికి ఉన్నవారే కాబట్టి, లైన్ మీద పని చేసినవారి లెక్క మనకు ఎప్పుడూ సగమే వినిపిస్తుంది.

మీరు రెండు వేర్వేరు పనులను కలిపి మాట్లాడుతున్నారని కూడా నా అభిప్రాయం. సప్లై ఉన్న చోట కొలవడం లోపం వెతకడంలో భాగం, అది లేకుండా చాలా లోపాలు దొరకవు. దానికి తగిన మీటరు ఉండాలి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పెట్టే మీటరు కనీసం క్యాట్ 3 వర్గానిది (హఠాత్తుగా ఎగసే వోల్టేజిని మీటరు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అయి ఉండాలి, కడ్డీల కొనలు నాలుగు మిల్లీమీటర్లకు మించి బయట పడకుండా తొడుగు ఉండాలి. సప్లై ఉన్న టెర్మినల్‌లో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పడం మాత్రం కొలవడం కాదు. అక్కడ చేయి జారితే షాకు కంటే ముందు మెరుపు వస్తుంది, షార్టు కరెంటు వేల ఆంపియర్లలో ఉంటుంది, ముఖమూ చేతులూ కాలిపోతాయి.

పరీక్ష బల్ల

వృత్తి పరీక్షలలో అభ్యర్థులను పరిశీలించే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. భయం గురించి మాట వచ్చింది కాబట్టి దాన్ని అంకెల్లో పెడతాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద, ఎంత కరెంటు దాటితే చేతిలోని తీగను వదలలేకపోతారో కొలిచాడు. పురుషులలో సగటు దాదాపు 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలలో 10.5 దగ్గర తేలింది. శరీర నిరోధాన్ని 1000 ఓమ్‌లుగా తీసుకుంటే 230 వోల్టుల దగ్గర పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ఎర్త్ లీకేజీని పట్టి సప్లై తెంచే పరికరానికి అమెరికాలో 1961లో రూపమిచ్చినవాడు కూడా ఆయనే. అయితే ఆ పరికరం ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్న మనిషిని కాపాడలేదు. వెళ్లినంత కరెంటు తిరిగి వస్తోంది కాబట్టి దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక బల్బే.

ఇక చివరి మెట్టు గారి ప్రశ్నకు వస్తాను. పరీక్షలో చాలామంది వైరింగ్ దగ్గర తప్పరు, కొలతల దగ్గర తప్పుతారు. ఏ పరీక్ష తరువాత ఏది అన్న వరుస అప్పజెబుతారు, ఆ వరుస ఎందుకో చెప్పలేరు. ముందు ఎర్త్ తీగ కొసదాకా అతుకు తెగకుండా ఉందో లేదో చూస్తాము, ఎందుకంటే ఆ తరువాత చేసే ప్రతి పరీక్షా అది ఉందనే నమ్మకం మీద నడుస్తుంది. తరువాత ఇన్సులేషన్ చూస్తాము, ఎందుకంటే సప్లై ఇచ్చాక షార్టు ఉందని తెలుసుకోవడం ఆలస్యం. ఫేజు సరైన తీగలోనే వస్తోందని చూసి, సప్లై ఇచ్చిన తరువాతే ఎర్త్ లూప్ నిరోధమూ (ఎర్త్ లోపం వస్తే కరెంటు చుట్టి వచ్చే మొత్తం దారి నిరోధం) ఆర్.సి.సి.బి. పడే సమయమూ కొలుస్తాము. ఆర్.సి.సి.బి. తన రేటింగు కరెంటు దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, దానికి అయిదు రెట్ల దగ్గర 40 మిల్లీ సెకన్లలోపు పడిపోవాలి. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే పడిపోయింది కదా అంటే చాలదు. ఆ బటన్ పరికరం లోపలి యంత్రాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, మీ ఎర్త్ తీగ ఉందో లేదో దానికి తెలియదు.

నేను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. 32 ఆంపియర్ల బి రకం ఎం.సి.బి. మోటారు వేయగానే పడిపోతోంది, ఎవరో దాన్ని తీసి అదే రేటింగు సి రకం పెట్టారు, ఇప్పుడు పడటం లేదు, సమస్య తీరినట్టేనా? బి రకం తక్షణమే పడటానికి రేటింగుకు గరిష్ఠంగా అయిదు రెట్లు, అంటే 160 ఆంపియర్లు చాలు. 230ని 160తో భాగిస్తే లూప్ నిరోధం 1.44 ఓమ్‌ల దాకా ఉండవచ్చు. సి రకానికి పది రెట్లు కావాలి కాబట్టి ఆ హద్దు 0.72కు పడిపోతుంది. ఆ సర్క్యూట్ చివర లూప్ నిరోధం 1.1 ఉందనుకోండి: నిన్నటిదాకా ఎర్త్ లోపం వస్తే క్షణంలో సప్లై పోయేది, ఇవాళ్టి నుంచి మోటారు ఒంటికి వచ్చిన కరెంటు కొన్ని సెకన్లపాటు అలాగే నిలుస్తుంది. మార్చిన మనిషి మాత్రం, ఫిర్యాదు ఆగిపోయింది కాబట్టి, తృప్తిగా వెళ్లిపోయాడు.

ఇన్సులేషన్ గురించి కూడా ఒక మాట. 500 వోల్టుల లోపు సర్క్యూట్లకు 500 వోల్టుల డి.సి.తో కొలిచినప్పుడు కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం అంటుంది. కొత్తగా వేసిన వైరింగ్‌లో 1.2 వస్తే కాగితం ప్రకారం అది నెగ్గినట్టే. నేనైతే ఆ అభ్యర్థి అక్కడ ఆగి, ఈ కొత్త తీగ ఎందుకింత తక్కువ చూపిస్తోందని అడుగుతాడా లేదా అని చూస్తాను.

చివరి మెట్టు

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలుగా పాత మెగ్గర్ గారు చెప్పినట్టు చేస్తున్నాను. సీనియరు మొదటి రోజు నవ్వారు కానీ ఒప్పుకున్నారు. అయిదు లోపాలలో నా ఊహ మూడుసార్లు తప్పింది. ఒకసారైతే సప్లై లేని చోట 230 చూపిస్తుందని గట్టిగా చెప్పి సున్నా చూశాను. సిగ్గుగా అనిపించినా, ఆ సర్క్యూట్ రెండు స్విచ్చుల గుండా వస్తోందని నాకు తెలిసింది అప్పుడే.

పరీక్ష బల్ల గారి మాటలు చదివిన తరువాత ఒక విషయం దాచడం మంచిది కాదనిపించింది. నా శిక్షణ నమోదు పుస్తకంలో ఇన్సులేషన్ పరీక్షలు పంతొమ్మిది చేసినట్టు సంతకాలు ఉన్నాయి. నా చేత్తో నేను చేసినవి మూడే. మిగిలినవాటిలో సీనియరు అంకె చదివితే నేను రాసుకున్నాను, కొన్నిటిలో ఎవరూ కొలవకుండానే “200కు పైన” అని నింపేశాము. ఇది నా ఒక్కడి పరిస్థితేనా?

కొత్త లైసెన్సు

మీ ఒక్కరిదే కాదు. నేను శిక్షణ పూర్తి చేసి పద్నాలుగు నెలలైంది. నా పుస్తకం కూడా అంతే నిండుగా, అంతే ఖాళీగా ఉండేది. ఒంటరిగా వెళ్లిన మూడో వారంలోనే, మరొకరు చేసిన పనికి పరీక్ష పత్రం మీద నన్ను సంతకం పెట్టమన్నారు. పని బాగానే ఉందని, కాగితం ఒక్కటే మిగిలిందని చెప్పారు. నేను కొలిచిన తరువాతే పెడతానని అంటే గంటసేపు మాటలు పడాల్సి వచ్చింది. కొలిస్తే ఒక సాకెట్టులో ఎర్త్ తీగ టెర్మినల్‌లోకి వెళ్లకుండా పక్కన మడిచి ఉంది. ఆ రోజు నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. సంతకం పెట్టేసి ఉండేవాడినేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

పరీక్ష బల్ల

చివరి మెట్టు గారూ, చెప్పడం మంచిదైంది. ఆ పదహారింటిని ఇప్పుడు చేయండి. మూడు నెలల్లో పదహారు పరీక్షలు పెద్ద పనేమీ కాదు. సప్లై ఆపి ఉన్న ప్రతి సందర్భంలోనూ సీనియరును అడిగి మెగ్గర్ మీరే పట్టుకోండి, ముందు అంకె ఊహించండి, తరువాత కొలవండి, కొత్త తేదీతో కొత్త పుటలో రాయండి. పాత పుటలను దిద్దవద్దు. మెగ్గర్ పెట్టేముందు డిమ్మర్లు, ఎల్.ఇ.డి. డ్రైవర్లు, సర్జ్ రక్షణ పరికరాలు విడదీశారో లేదో చూసుకోండి. విడదీయలేని చోట ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి ఆ రెండింటికీ ఎర్త్‌కూ మధ్య మాత్రమే కొలవండి.

స్టార్‌డెల్టా

ఇళ్ల వైరింగ్ మీదే చర్చ నడుస్తోంది కాబట్టి మోటారు వైపు నుంచి ఒకటి చేరుస్తాను. ఇది నా సొంత తప్పు, శిక్షణ చివరి నెలలో చేసినది.

ఒక పంపు మోటారుకు స్టార్ డెల్టా స్టార్టర్ (మోటారును ముందు స్టార్ అమరికలో తక్కువ కరెంటుతో మొదలుపెట్టి, తరువాత డెల్టా అమరికకు మార్చేది) కట్టాను. పేరు పలక మీద 40 ఆంపియర్లు అని ఉంది, నేను ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది) 40 దగ్గర పెట్టాను. ఆ ప్యానెల్‌లో రిలే మెయిన్ కాంటాక్టర్ తరువాత, వైండింగ్ వైపు వెళ్లే దారిలో ఉంది. డెల్టాలో నడిచేటప్పుడు ఆ దారిలో పారేది లైన్ కరెంటు కాదు, దానిలో 0.58 వంతు, అంటే 23 ఆంపియర్లు. నేను 40 దగ్గర పెట్టడం వల్ల మోటారు డెబ్బై శాతానికి పైగా అదనపు భారం మోసినా రిలే కదలదు. ఆరు వారాల తరువాత పంపులో బేరింగు బిగుసుకుంటూ వచ్చింది, మోటారు కాలిపోయింది, రిలే మాత్రం నిక్షేపంగా ఉంది. పాఠంలో 0.58 చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ప్యానెల్ ముందు నిలబడినప్పుడు రిలే ఏ దారిలో ఉందో తీగ వెంట వేలు పెట్టి చూడలేదు.

సప్లై ఆపగానే అంతా చచ్చినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ లోపల కెపాసిటర్లు 400 వోల్టుల సరఫరాకు దాదాపు 565 వోల్టుల డి.సి.ని నిలుపుకుంటాయి. పలక మీద రాసినన్ని నిమిషాలు ఆగి, ఆ తరువాత డి.సి.లో కొలిచి చూడండి.

లైన్ మీద పని

పైన నేను రాసినదానికి చాలామంది విరుచుకుపడ్డారు. కొలవడానికీ బిగించడానికీ తేడా ఉందన్న మాట ఒప్పుకుంటాను. కానీ యజమాని గురించి నేను అన్నది అబద్ధం కాదు. శిక్షణ పూర్తికాని కుర్రాడు “సప్లై ఆపితేనే చేస్తాను” అంటే అతని పని ఉంటుందా అన్నదానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

తీగ వెంట

న్యాయమైన ప్రశ్న. చేయనని చెప్పడం కష్టం, ఎప్పుడు చేస్తారో చెప్పడం తేలిక. “ఇప్పుడు చేయలేను, మధ్యాహ్నం యంత్రాలు ఆగినప్పుడు పది నిమిషాలు ఇవ్వండి, చేసేస్తాను” అంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని చోట్లు కూడా ఉంటాయి, అటువంటి చోట్ల పని పోయినవారు నాకు తెలుసు. దానికి తీపి జవాబు నా దగ్గర లేదు.

చివరి మెట్టు

అయిదు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. మొన్న సీనియరు మరో చోట ఉండగా కబురు వచ్చింది: ఒక అంతస్తులో కొన్ని గదుల లైట్లు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి, కొన్నిటిలో మిణుకుమంటున్నాయి, రెండు కంప్యూటర్ల లోంచి కాలిన వాసన వచ్చింది. ఫోనులో వింటున్నప్పుడే న్యూట్రల్ తెగిందని అనిపించింది. బోర్డు దగ్గర రెండు ఫేజుల మధ్య కొలిస్తే 400 ఉండాలని, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మూడు వేర్వేరు అంకెలు రావాలని ముందే కాగితం మీద రాసుకున్నాను. ఫేజుల మధ్య 400 వచ్చింది. న్యూట్రల్‌తో 310, 150, 260 వచ్చాయి. ఇంకేమీ కొలవకుండా మెయిన్ ఆపాను, తాళం వేశాను, టెస్టర్‌ను రెండు చోట్లా చూసుకున్నాను. మూత తీస్తే మెయిన్ న్యూట్రల్ లగ్గు నల్లబడి, వేలితో కదిపితే కదులుతోంది.

సీనియరు వచ్చి చూసి ఏమీ అనలేదు, మీటరు కూడా అడగలేదు. కానీ ఆ బోర్డు నేను రెండో ఏడాదిలో కట్టినది. తీగలన్నీ ఇప్పటికీ వరుసగా, అందంగా ఉన్నాయి. ఆ న్యూట్రల్ స్క్రూను నేను బిగించానో, బిగిద్దామనుకుని మరో తీగ మీదికి వెళ్లిపోయానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అప్పట్లో టార్క్ స్క్రూడ్రైవరు (ఎంత బలంతో బిగించామో చూపేది) మా దగ్గర లేదు, చేతి అంచనాతోనే బిగించేవాళ్లము.

పాత మెగ్గర్

మెయిన్ ఆపిన తరువాత మూత తీసినందుకు మెచ్చుకుంటున్నాను. చాలామంది ఆ వరుసను తిరగేస్తారు, సప్లై ఉండగా ఆ లగ్గును కదిపి ఉంటే అంతస్తులో మిగిలిన పరికరాలు కూడా పోయేవి.

ఆ లగ్గును మళ్లీ బిగించి వదిలేయవద్దు. నల్లబడిన రాగి నిరోధం పెరిగి ఉంటుంది. అతుకులో ఒక్క ఓమ్‌లో పదో వంతు ఉన్నా 20 ఆంపియర్లకు 40 వాట్ల వేడి పుడుతుంది, అది టంకం వేసే కడ్డీ వేడికి సమానం. కేబుల్ చివర మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త లగ్గు నొక్కి, న్యూట్రల్ బార్ ముఖం కూడా కాలి ఉంటే బార్‌ను మార్చి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించండి. బిగించిన ప్రతి స్క్రూ తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి రంగు పెన్నుతో ఒక గీత గీయండి. గీత లేని స్క్రూ బిగించనిదని అర్థం, గీత విరిగితే స్క్రూ తిరిగిందని అర్థం. 310 వోల్టులు చూసిన ఫేజు మీద ఉన్న సర్జ్ రక్షణ పరికరాలనూ, ఎల్.ఇ.డి. డ్రైవర్లనూ కూడా పరీక్షించండి, అవి ఇప్పుడు వెలుగుతున్నా సరే.

ఆ రెండో ఏడాదిలో మీరు మరెన్ని బోర్డులు కట్టారు?

చివరి మెట్టు

మరో మూడు. రెండింటికి ఆదివారం సప్లై ఆపడానికి అనుమతి దొరికింది. మూడోదానికి ఇంకా అడుగుతున్నాను.